శిస్తు ఒక ప్రశ్న, సేద్యం మరో ప్రశ్న

అమెరికాలో స్థిరపడిన మన బంధువుల ఇళ్లలో డబ్బు మాట వస్తే, "మాకు ఐఆర్ఏ ఉంది, దాన్ని ఒక అడ్వైజర్ చూసుకుంటున్నాడు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ ఒక్క వాక్యంలో రెండు వేరువేరు ఒప్పందాలున్నాయి. ఒకటి ప్రభుత్వంతో, రెండోది ఒక మనిషితోనో సంస్థతోనో. పన్ను ఎప్పుడు కట్టాలో మొదటిది చెబుతుంది. ఏ షేరు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది ఎవరు తేల్చాలో రెండోది చెబుతుంది. పొలం భాషలో చెప్పుకుంటే శిస్తు సంగతి వేరు, సేద్యం సంగతి వేరు. పట్టా మన పేరునే ఉంటుంది. శిస్తు ఎప్పుడు కట్టాలన్నది సర్కారు ఇష్టం. దున్నేది మనమా, పాలేరా అన్నది మన ఇష్టం. ఈ రెంటినీ కలిపేసుకున్న ఇళ్లలోనే డబ్బు చప్పుడు లేకుండా కారిపోతుందని నా నమ్మకం. అందుకే ముందు శిస్తు సంగతి, ఆ తర్వాత సేద్యం సంగతి చూద్దాం.

1963 డిసెంబరులో ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లోని స్టూడ్‌బేకర్ కార్ల కర్మాగారం మూతపడింది. పెన్షన్ నిధిలో చాలినంత డబ్బు లేదు. అరవై నిండినవారికి పెన్షన్ దక్కింది. నలభైకీ అరవైకీ మధ్య ఉన్నవారికి రావలసిన దానిలో సుమారు 15 శాతం చేతికొచ్చింది. నలభై లోపు వారికి ఏమీ రాలేదు. కంపెనీ మాటను నమ్ముకుని ముసలితనం వెళ్లదీయడం ఎంత ప్రమాదమో దేశమంతటికీ తెలిసింది. ఆ కథ పదకొండేళ్లు నలిగి, 1974 సెప్టెంబరు 2న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో ఎరిసా అనే పెన్షన్ రక్షణ చట్టమైంది. కంపెనీ పెన్షన్ లేనివాళ్లు సొంతంగా దాచుకోవడానికి ఆ చట్టంలోనే ఒక చిన్న వెసులుబాటు పెట్టారు. అదే వ్యక్తిగత విరమణ ఖాతా, ఐఆర్ఏ. ఏడాదికి 1,500 డాలర్లు దాని గరిష్ఠ పరిమితి.

1978 పన్ను చట్టంలో, ఉద్యోగి తన జీతంలోంచి కంపెనీ పథకంలో దాచుకునే వీలిచ్చే 401(కె) అనే సెక్షన్ వచ్చింది. దాని ఆసరాతో కంపెనీలు పాత పెన్షన్లను మెల్లగా వదిలించుకుని, భారాన్ని ఉద్యోగి భుజం మీదికి మార్చాయి. 1981లో ఐఆర్ఏ తలుపులు సంపాదించే వారందరికీ తెరుచుకున్నాయి, పరిమితి 2,000 డాలర్లయింది. 1986 పన్ను సంస్కరణ వాటిని సగం మూసింది. ఆఫీసులో పెన్షన్ పథకం ఉండి, ఆదాయం ఒక గీత దాటితే మినహాయింపు లేదంది. 1997లో డెలవేర్ సెనేటర్ విలియం రాత్ పేరుతో కొత్త రకం ఖాతా పుట్టింది.

ఈ కథ మనకు పరాయిదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరినవారిని సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం)లోకి మార్చినప్పుడు జరిగింది కూడా ఇదే. ఖాయమైన పెన్షన్ పోయి, మార్కెట్‌లో పెరిగే ఖాతా వచ్చింది. మన ఉపాధ్యాయులు, ఉద్యోగులు రోడ్డెక్కి ఏళ్ల తరబడి కొట్లాడారు. అమెరికాలో అదే మార్పు పెద్దగా ఊరేగింపులేవీ లేకుండా, పే స్లిప్‌లో ఒక గీతలా జరిగిపోయింది.

ఇప్పుడు ఖాతా రకాలు. సంప్రదాయ ఐఆర్ఏలో వేసిన డబ్బుకు ఈ ఏడాది పన్ను మినహాయింపు దొరకవచ్చు. లోపల పెరిగినంత కాలం పన్ను లేదు, మినహాయింపు తీసుకుని ఉంటే మాత్రం తీసినప్పుడు తీసినదంతా ఆదాయమే. రాత్ ఐఆర్ఏలో పన్ను కట్టేసిన డబ్బు వేస్తాం. ఖాతా తెరిచి ఐదేళ్లు దాటి, వయసు 59½ నిండాక తీస్తే అసలుకూ లాభానికీ పన్ను ఉండదు. ఏది మంచిది అన్న ప్రశ్న మీద గంటల కొద్దీ వాదనలు విన్నాను. నిజానికి లెక్క చాలా చిన్నది. వెయ్యి డాలర్ల సంపాదన, 22 శాతం పన్ను, డబ్బు నాలుగింతలు పెరిగిందనుకుందాం. సంప్రదాయ ఖాతాలో వెయ్యి 4,000 అవుతుంది, 22 శాతం పోగా 3,120 మిగులుతుంది. రాత్‌లో ముందే పన్ను పోయి 780 మిగులుతుంది, అది నాలుగింతలై అదే 3,120 అవుతుంది. గుణకారంలో ఏది ముందు చేసినా ఫలితం మారదు కదా. కాబట్టి తేడా అంతా ఒక్కచోటే ఉంది: ఇవాళ్టి పన్ను రేటు ఎక్కువా, తీసుకునే రోజు రేటు ఎక్కువా? ఆ రోజుకు మనం ఏ దేశంలో ఉంటాం? రెండో ప్రశ్నను అమెరికన్ పుస్తకాలు అడగవు, ఎందుకంటే అవి మన కోసం రాసినవి కావు. దానికి చివర్లో వస్తాను.

పరిమితులు ఏటా మారుతుంటాయి. 2025కి ఐఆర్ఏలో 7,000 డాలర్లు, యాభై నిండినవారికి మరో వెయ్యి. మనకున్న ఐఆర్ఏలన్నిటికీ కలిపి ఇదే పరిమితి. ఎక్కువ వేస్తే ఆ అదనం మీద, అది ఖాతాలో ఉన్నన్నాళ్లూ ఏటా 6 శాతం జరిమానా. 59½ కన్నా ముందు తీస్తే పన్నుకు తోడు 10 శాతం. మొదటి ఇంటికి 10,000 డాలర్ల వరకు, పై చదువులకు, వైకల్యానికి ఈ పది శాతం నుంచి మినహాయింపు ఉంది. రాత్‌లో మనం వేసిన అసలును మాత్రం ఎప్పుడైనా తీసుకోవచ్చు. సంప్రదాయ ఖాతా నుంచి 73 ఏళ్లు వచ్చాక ఏటా కొంత తీయక తప్పదు. ఆ వయసు 2033 నుంచి 75 అవుతుంది.

హెచ్-4 వీసా మీద ఇంట్లో ఉండిపోయిన చదువుకున్న ఆడపిల్లల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐఆర్ఏకు సంపాదన ఉండాలి, అద్దెలూ వడ్డీలూ లెక్కలోకి రావు. కానీ భార్యాభర్తలు ఉమ్మడిగా రిటర్న్ వేస్తే, సంపాదన లేని జీవిత భాగస్వామి పేరున కూడా పూర్తి మొత్తం వేయవచ్చు. ఆ ఖాతా ఆమెదే, భర్త పేరు దాని మీద ఉండదు. పని చేసే అనుమతి లేక, సొంత డబ్బు అనేది ఎరుగక పదేళ్లు గడిపిన మనిషికి తన పేరున ఒక ఖాతా ఉండటం ఎంత విలువో నేను లెక్క కట్టలేను. ఈ వెసులుబాటు సంగతే తెలియని ఇళ్లు చాలా ఉన్నాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి ఖాతా తెరవడానికి కొన్ని బ్రోకరేజీలు ఒప్పుకోవు. అయినా అడిగి చూడాలి, ఒకరు కాదంటే మరొకరిని అడగాలి.

ఇద్దరూ ఐటీ ఉద్యోగులైన ఇళ్లది మరో చిక్కు. 2025లో దంపతుల ఆదాయం 2,46,000 డాలర్లకు చేరితే రాత్‌లో నేరుగా వేసే వీలు పూర్తిగా పోతుంది. అయితే 2010 నుంచి సంప్రదాయ ఖాతాను రాత్‌గా మార్చుకోవడానికి ఆదాయ పరిమితి లేదు. అందుకని ముందు మినహాయింపు లేకుండా సంప్రదాయ ఖాతాలో వేసి, వెంటనే రాత్‌గా మార్చే 'బ్యాక్‌డోర్ రాత్' దారి వాడుకలోకి వచ్చింది. స్నేహితుడు చెప్పాడని చేసేసి ఇరుక్కునేది ఇక్కడే. పాత కంపెనీ 401(కె)ను ఐఆర్ఏలోకి తెచ్చుకున్నవారి ఖాతాలో పన్ను కట్టని 93,000 డాలర్లు ఉన్నాయనుకోండి. కొత్తగా పన్ను కట్టిన 7,000 వేసి, ఆ 7,000నే మార్చామని మనం అనుకుంటాం. పన్ను శాఖ అలా అనుకోదు. పాలు, నీళ్లు కలిశాక పాలు మాత్రమే తోడలేం. మొత్తం లక్షలో పన్ను కట్టిన వంతు 7 శాతం కనుక, మార్చిన 7,000లో 490 డాలర్లకే పన్ను ఉండదు. మిగతా 6,510 ఆ ఏడాది ఆదాయమే. పాత డబ్బును ముందుగా కొత్త కంపెనీ 401(కె)లోకి పంపితే ఈ చిక్కు రాదు. దానికి ఆ కంపెనీ పథకం ఒప్పుకోవాలి.

శిస్తు సంగతి అంతవరకు. సేద్యం సంగతి చాలామంది అసలు చదవనే చదవరు.

విచక్షణాధికారం ఇచ్చిన ఖాతా (డిస్క్రెషనరీ ఖాతా) అంటే ప్రతి కొనుగోలుకూ అమ్మకానికీ మనల్ని అడగనక్కర్లేకుండా మేనేజరు తన నిర్ణయంతో లావాదేవీ జరపగలిగే ఖాతా. దీనికి ఎదురు రకంలో సలహా అతనిది, ప్రతిసారీ 'సరే' అనవలసింది మనం. ఐఆర్ఏ ఈ రెండు రకాల్లో ఏదైనా కావచ్చు, పన్ను రక్షణ ఏదీ లేని మామూలు బ్రోకరేజీ ఖాతా కూడా అంతే. అందుకే "నాది ఐఆర్ఏ" అన్న జవాబు "నీ ఖాతాలో నిర్ణయం ఎవరిది?" అన్న ప్రశ్నకు జవాబు కాదు.

ఈ అధికారం నోటిమాటతో చెల్లదు. అమెరికాలో బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా 3260వ నిబంధన ప్రకారం ఖాతాదారు ముందుగా రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి, సంస్థ కూడా దాన్ని రాతపూర్వకంగా అంగీకరించాలి. ఫలానా షేరు ఇన్ని కొనమని మనమే చెప్పి, ధర, సమయం మాత్రం చూసుకోమంటే దానికి ఇంత తతంగం అక్కర్లేదు. ఆ వెసులుబాటు ఆ రోజు వరకే. సంతకం పెట్టే కాగితంలో చూడవలసింది ఒకటుంది: ఇచ్చేది లావాదేవీలు జరిపే అధికారమా, డబ్బు బయటికి తీసే అధికారం కూడానా? మొదటిది దున్నుకోమని ఇవ్వడం, రెండోది గాదె తాళం ఇవ్వడం. ఫీజు మినహాయించుకోవడం తప్ప తీసే అధికారం ఎవరికీ ఇవ్వకూడదని నేను గట్టిగా చెబుతాను.

రెండో జాగ్రత్త కస్టోడియన్. నిర్ణయాలు తీసుకునే చెయ్యి, డబ్బు దాచే చెయ్యి వేరువేరుగా ఉండాలి. 2008 డిసెంబరులో బయటపడ్డ బెర్నార్డ్ మేడాఫ్ మోసంలో ఖాతాదారులు విచక్షణాధికారం అతనికే ఇచ్చారు, సొమ్మూ అతని సంస్థ దగ్గరే ఉంది, నెలనెలా స్టేట్‌మెంటు కూడా అక్కడి నుంచే వచ్చేది. కాగితం మీద సుమారు 65 బిలియన్ డాలర్లుగా కనిపించిన ఆస్తి వెనక జరగని లావాదేవీలున్నాయి. వేరే కస్టోడియన్ నుంచి నేరుగా స్టేట్‌మెంటు వచ్చి ఉంటే ఆ నాటకం అంత కాలం నడిచేది కాదు.

హైదరాబాద్ వాళ్లకు ఈ పాఠం మరో రూపంలో తెలుసు. 2019 నవంబరులో కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు వచ్చింది. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డుపెట్టుకుని వారి షేర్లను తనఖా పెట్టి అప్పులు తెచ్చిన వ్యవహారం అది, రెండు వేల కోట్ల రూపాయలకు పైబడినది. ఆ తర్వాతే మన దేశంలో షేర్ల తాకట్టు పద్ధతి మారింది, పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో పరిధి ఇరుకైన డీడీపీఐ అనే పత్రం 2022లో వచ్చింది. నిజమైన విచక్షణాధికారంతో మదుపు చేసిపెట్టే పీఎంఎస్ సేవకు సెబీ 2020 నిబంధనల కింద కనీసం యాభై లక్షల రూపాయలు పెట్టాలి. అమెరికాలో అంత గీత లేదు. రోబో అడ్వైజర్లు కొన్ని వందల డాలర్లకు కూడా ఈ సేవ ఇస్తాయి. అవీ విచక్షణాధికార ఖాతాలే, అక్కడ మనిషి బదులు ప్రోగ్రాం నిర్ణయిస్తుంది.

ఎవరికి ఎలాంటి బాధ్యత ఉందన్నది తర్వాతి సంగతి. అమెరికాలో 1940 చట్టం కింద నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరు ఖాతాదారు మేలును తన మేలుకు ముందు ఉంచాలి. 1963లో అక్కడి సుప్రీంకోర్టు దీన్ని స్థిరపరిచింది. కమీషన్ మీద బతికే బ్రోకరుకు 2020 జూన్ 30 నుంచి 'రెగ్యులేషన్ బెస్ట్ ఇంటరెస్ట్' వర్తిస్తుంది. సిఫారసు చేసిన క్షణంలో మన మేలు చూడాలంటుందే తప్ప, ఆ తర్వాత ఖాతాను కనిపెట్టి ఉండాలనదు. కొన్ని సంస్థల్లో ఒకే మనిషి రెండు టోపీలూ పెట్టుకుంటాడు. ఇప్పుడు ఏ టోపీతో మాట్లాడుతున్నావని అడగడం అమర్యాద కాదు. "మనవాడే, తెలుగువాడే, గుళ్లో కలుస్తాం" అన్న మొహమాటానికి ఇక్కడ మనం చాలా ఖరీదు చెల్లించుకుంటాం.

401(కె)ను ఐఆర్ఏకి మార్చమనే సలహా ఈ మొహమాటానికి అసలైన పరీక్ష. డబ్బు ఆఫీసు పథకంలో ఉన్నంత కాలం అడ్వైజరుకు ఫీజు లేదు, ఐఆర్ఏలోకి వస్తే ఏటా ఒక శాతం. ఆ సలహాలో మంచి లేదని కాదు. కానీ 55 ఏళ్ల తర్వాత ఉద్యోగం మానితే 401(కె) నుంచి పది శాతం జరిమానా లేకుండా తీసుకునే వీలుంది, ఐఆర్ఏలోకి మార్చగానే అది పోతుంది. అప్పులవాళ్ల నుంచి ఎరిసా ఇచ్చే బలమైన రక్షణా పోతుంది. ఇలాంటి సలహాలకు కఠిన బాధ్యత పెట్టాలని అమెరికా కార్మిక శాఖ తెచ్చిన నిబంధనను 2018లో అప్పీలు కోర్టు కొట్టేసింది. 2024లో తెచ్చిన మరోదాన్ని టెక్సస్ కోర్టులు నిలిపివేశాయి. కాబట్టి ఇక్కడ కాపలా కాసుకోవలసింది మనమే.

ఒక శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది. లక్ష డాలర్లు ఏటా 7 శాతం చొప్పున ముప్పై ఏళ్లు పెరిగితే సుమారు 7,61,000 అవుతుంది. ఒక శాతం ఫీజు పోయి 6 శాతమే పెరిగితే సుమారు 5,74,000. తేడా 1,87,000 డాలర్లు, మొదట పెట్టిన అసలుకు దాదాపు రెట్టింపు. ఇందుకు ప్రతిఫలంగా అడ్వైజరు మార్కెట్‌ను గెలుస్తాడని ఆశించడం తప్పు. భయపడి అమ్మకుండా పట్టుకోవడం, పన్నుల లెక్క చూడటం, వీలునామా గుర్తుచేయడం అతను చేసిపెడితే కొందరి విషయంలో ఆ ఫీజు దండగ కాదు. సొంతంగా రెండు మూడు ఇండెక్స్ ఫండ్లు కొని పడుకోగలిగిన మనిషికి మాత్రం అది దండగే.

శిస్తూ సేద్యమూ ఒకదానితో ఒకటి తగులుకునే చోట్లు రెండున్నాయి. కమీషన్ కోసం అవసరం లేకుండా కొని అమ్మడాన్ని చర్నింగ్ అంటారు. మామూలు ఖాతాలో అయితే ఏడాది చివర లాభనష్టాల ఫారం వచ్చి, పన్ను లెక్క వేసేవాడు కళ్లెర్రజేస్తాడు. ఐఆర్ఏ లోపల అమ్మకాలకు పన్ను లేదు, ఆ ఫారమూ రాదు. తప్పు ఎవరి కంటా పడకుండా ఏళ్లు గడుస్తాయి. స్టేట్‌మెంట్లు మనమే తిప్పి చూడాలి.

రెండోది వాష్ సేల్. మామూలు ఖాతాలో నష్టానికి ఒక షేరు అమ్మి, ముప్పై రోజుల్లోపు అదే షేరును ఐఆర్ఏలో కొంటే, ఆ నష్టాన్ని పన్నులో చూపించే వీలు శాశ్వతంగా పోతుంది. 2008లో పన్ను శాఖ దీన్ని స్పష్టం చేసింది. ఒక ఖాతా మనం నడుపుతూ, మరోదాన్ని మేనేజరుకు ఇస్తే ఎవరి చెయ్యి ఏం చేస్తోందో రెండోవారికి తెలియదు. భార్యాభర్తల ఖాతాల మధ్య జరిగినా ఇదే ఇబ్బంది. విచక్షణాధికారం ఇచ్చినవారు మిగతా ఖాతాల జాబితా కూడా మేనేజరు చేతిలో పెట్టాలి.

ఇప్పుడు చివరి ప్రశ్న, ఇంటికి తిరిగి వచ్చేవారిది. తిరిగొచ్చిన మొదటి రెండు మూడేళ్లు ఆర్ఎన్ఓఆర్ (నివాసి, కానీ సాధారణ నివాసి కాదు) హోదా ఉంటే విదేశీ ఆదాయం మీద సాధారణంగా ఇక్కడ పన్ను ఉండదు. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా మన దేశంలో లెక్క చెప్పాలి. ఒకప్పుడు ఐఆర్ఏలో ఏటా పెరిగిన డబ్బుకు ఇక్కడ ఏటా పన్ను, అక్కడ తీసినప్పుడు పన్ను అనే మెలిక ఉండేది. 2021 ఫైనాన్స్ చట్టం 89ఎ సెక్షన్ తెచ్చి, అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు 10-ఈఈ ఫారం దాఖలు చేస్తే డబ్బు తీసిన ఏడాదే పన్ను వేసేలా చేసింది. ఒకసారి ఎంచుకున్నాక వెనక్కి తగ్గడం కుదరదు.

అయితే ఆ సెక్షన్ మాటలు జాగ్రత్తగా చదవాలి. పెరిగినప్పుడు పన్ను లేక, తీసినప్పుడు ఆ దేశం పన్ను వేసే ఖాతాకే అది వర్తిస్తుంది. రాత్‌ను తీసినప్పుడు అమెరికా పన్నే వేయదు కదా, మరి అది ఈ నిర్వచనంలో ఎలా ఇముడుతుంది? అమెరికాలో పన్ను లేదన్న భరోసాను హైదరాబాద్ దాకా మోసుకురాలేం. తిరిగి వచ్చే ఆలోచన గట్టిగా ఉన్నవారు రాత్‌లోకి అంతా మార్చేసే ముందు ఆగాలని నా అభిప్రాయం. పిల్లల చదువులతో అక్కడే వేళ్లూనినవారికి ఈ భయం అక్కర్లేదు.

రెండు దేశాల పన్ను ఒప్పందం ఇరవయ్యో అధికరణం ప్రకారం పెన్షన్ మీద పన్ను నివాస దేశానిదే. కానీ పెన్షన్ అంటే గతంలో చేసిన సేవకు విడతలవారీగా వచ్చేదని అందులో రాసి ఉంది. ఒకేసారి మొత్తం ఊడ్చుకుంటే అది పెన్షన్ అవుతుందా అన్న వాదన అక్కడే మొదలవుతుంది. ఒప్పందం ప్రయోజనం కోరకపోతే కస్టోడియన్ 30 శాతం పట్టుకుంటాడు. తిరిగొచ్చి పూర్తి నివాసులయ్యాక ఈ ఖాతాలను రిటర్న్‌లోని ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల) షెడ్యూల్‌లో చూపాలి. దాస్తే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా దాకా పోవచ్చు. భారత చిరునామా పెట్టగానే కొన్ని బ్రోకరేజీలు లావాదేవీలు ఆపేస్తాయి, విచక్షణాధికార సేవను రద్దు చేస్తాయి. మూటాముల్లె సర్దుకోకముందే సంస్థను అడగవలసిన ప్రశ్న ఇది.

ఇంకొకటి మనవాళ్లలో దాదాపు ఎవరూ మాట్లాడనిది. గ్రీన్‌కార్డు, పౌరసత్వం లేకుండా తిరిగొచ్చిన మనిషి ఇక్కడ చనిపోతే, అమెరికాలోని అతని ఆస్తిలో 60,000 డాలర్లకు పైబడిన దాని మీద అక్కడి ఎస్టేట్ పన్ను 40 శాతం దాకా పడుతుంది. ఐఆర్ఏ కూడా అందులోకే వస్తుంది. ఎస్టేట్ పన్ను విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. ఆ ఖాతాలో వారసుల పేరు రాసి లేకపోతే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న భార్య అమెరికా ప్రొబేట్ కోర్టు మెట్లు ఎక్కాలి. పేరు రాసి ఉన్నా, అమెరికా పన్ను శాఖ నుంచి 5173 నంబరు బదిలీ ధ్రువపత్రం తెమ్మని కస్టోడియన్ అడుగుతాడు. అది చేతికొచ్చేసరికి నెలల తరబడి కాలం పడుతుంది.